రోడ్డెక్కితే ఏమొస్తుంది?

(సంఘం జిల్లా శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ ఈ తరగతికి పెట్టిన పేరు 'బ్యాంకులు, యుద్ధాలు, ప్రజా నిరసనలు'. పేరు పెద్దది. ఇదే ప్రశ్నను పోయిన నెల ఒక గ్రామ సమావేశంలో కౌలు రైతు అక్క ఒకామె నాలుగు మాటల్లో అడిగింది. 'ఎండలో కూర్చోబెట్టారు గదయ్యా, ఏమొచ్చింది?' అంది.

ఆమె అడిగింది పోయిన వేసవిలో మనం ఒక బ్యాంకు శాఖ ముందు చేసిన ధర్నా గురించి. మీలో చాలామంది వచ్చారు. 300 మందిమి ఉంటాం. బంగారం తాకట్టు పెట్టి పంట పెట్టుబడికి తెచ్చుకున్న అప్పుల మీద వేలం నోటీసులు వస్తున్నాయని వెళ్లాం. వెళ్లినవాళ్లం ఆ ఒక్క మాట అడిగి రాలేదు. 14 డిమాండ్లతో వినతిపత్రం ఇచ్చాం. అందులో రుణమాఫీ ఉంది, మద్దతు ధరకు చట్టం ఉంది, విత్తన చట్టం ఉంది, కౌలు రైతులకు గుర్తింపు ఉంది. వేలం ఆపాలన్నది ఎక్కడో 12వ నంబరులో ఉంది. మేనేజరు బయటికొచ్చి మర్యాదగానే కాగితం తీసుకున్నారు. పైకి పంపుతామన్నారు. మన కాపీ మీద స్టాంపు వేసిచ్చారు. మనం నినాదాలిచ్చి, ఫొటో దిగి, మజ్జిగ తాగి ఇళ్లకు వచ్చేశాం. రెండు వారాలు తిరక్కుండానే ఆ అక్క నాలుగు తులాల బంగారం వేలంలో పోయింది. స్టాంపు వేసిన కాగితం మాత్రం మన ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంది.

ఆ రోజు ఆమెకు మేము చెప్పింది, 'పోరాటం ఒక్క రోజుతో తేలేది కాదమ్మా' అని. అది అబద్ధం కాదు. కానీ ఆమె అడిగినదానికి సమాధానం కాదు. అందుకని ఈ తరగతిలో ఉపన్యాసం దంచడం మాని, ఇతర దేశాల్లో బ్యాంకుల మీద, యుద్ధాల మీద జనం రోడ్డెక్కినప్పుడు ఎక్కడ ఏమి సాధించారు, ఎక్కడ ఉత్త చేతులతో ఇంటికెళ్లారు అన్నది చూద్దాం. గెలిచినవాటితో పాటు ఓడినవాటినీ చూద్దాం. మన సమావేశాల్లో ఓడినవాటి గురించి మాట్లాడటం తక్కువ.

యుద్ధం సంగతి రైతుకెందుకని కొందరు అంటారు. పొటాష్ మన దేశంలో దొరకదు, మొత్తం బయటినుంచి రావాల్సిందే. దాన్ని పెద్ద ఎత్తున తవ్వే దేశాల్లో రష్యా, బెలారస్ ఉన్నాయి. మన ట్రాక్టర్లో పోసే డీజిలుకు ముడిచమురు ఎక్కువభాగం ఓడల మీద వస్తుంది. ఎక్కడ బాంబు పడినా ఎరువుల కొట్టు దగ్గర మనకు తెలుస్తుంది. అంతవరకు చాలు, అసలు విషయానికి వద్దాం.

2003 ఫిబ్రవరి 15, శనివారం. ఇరాక్ మీదకు అమెరికా, బ్రిటన్ దండెత్తబోతున్నాయని అందరికీ తెలిసిపోయింది. ఆ ఒక్క రోజున ప్రపంచంలో దాదాపు 600 నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. లండన్లో పోలీసులు వేసిన లెక్కే 7.5 లక్షలు. నిర్వాహకులు 20 లక్షల దాకా చెప్పారు. రోమ్ నగరంలో 30 లక్షల మంది అని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. అంతకుముందు ప్రపంచం మొత్తం మీద ఒకే రోజు ఒకే మాట మీద అంతమంది నడిచింది లేదు. అమెరికా అధ్యక్షుడు బుష్ దానికి ఇచ్చిన జవాబు ఏమిటంటే, సరుకులమ్మే కంపెనీలు నలుగురిని కూర్చోబెట్టి అభిప్రాయం అడిగినట్టు తాను విధానాలు నిర్ణయించనని. మార్చి 20న యుద్ధం మొదలైంది.

ఎందుకు ఆగలేదు? శనివారం నడిచారు. ఆదివారం ఇంట్లో ఉన్నారు. సోమవారం పనులకెళ్లారు. రైళ్లు నడిచాయి, రేవుల్లో సరుకు ఎక్కింది, ఫ్యాక్టరీల్లో మర తిరిగింది. యుద్ధానికి కావలసినవి ఏవీ ఆ ఊరేగింపు వల్ల ఒక్క గంట ఆలస్యం కాలేదు. సర్కారుకు కావలసింది జనం మెప్పు కాదు, పని జరగడం. పని జరుగుతూనే ఉంది.

జరగనివ్వని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. ఆ ఏడాది జనవరిలోనే స్కాట్లాండులో మదర్‌వెల్ అనే ఊళ్లో ఇద్దరు రైలు డ్రైవర్లు మందుగుండు మోసే గూడ్సు బండి నడపమని చెప్పేశారు. ఇటలీలో అమెరికా సైన్యం సామాను తీసుకెళ్లే రైళ్లకు అడ్డంగా జనం పట్టాల మీద కూర్చున్నారు. వీళ్లు లక్షల్లో లేరు. పత్రికల్లో వీళ్ల ఫొటోలు అంతగా రాలేదు. కానీ వీళ్లు కూర్చున్నది సరుకు వెళ్లే దారిలో.

ఇంకా పెద్ద సంగతి టర్కీలో జరిగింది. ఇరాక్‌కు ఉత్తరాన ఉన్న దేశం అది. అమెరికా పథకం ప్రకారం ఒక సైన్యం దక్షిణాన కువైట్ నుంచి, ఇంకొకటి ఉత్తరాన టర్కీ నుంచి వెళ్లాలి. దానికి టర్కీ పార్లమెంటు ఒప్పుకోవాలి. ఓటింగు మార్చి 1న అని తేదీ ఖాయమైంది. ఆ రోజు రాజధాని అంకారాలో పార్లమెంటు లోపల ఓటు జరుగుతుంటే నగరంలో వేలాది మంది నిరసన చేస్తున్నారు. అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250, తటస్థంగా 19 ఓట్లు వచ్చాయి. మామూలుగా చూస్తే తీర్మానం నెగ్గినట్టే. కానీ వాళ్ల నిబంధన ప్రకారం హాజరైన సభ్యుల్లో సగానికి మించి కావాలి. అంటే 267. మూడు ఓట్లు తక్కువై తీర్మానం పడిపోయింది. అధికార పార్టీకి పార్లమెంటులో భారీ మెజారిటీ ఉండగా ఇది జరిగింది. అంటే ఆ పార్టీ సభ్యులే పదుల సంఖ్యలో ఎదురు తిరిగారు. టర్కీ తీరంలో ఓడల్లో ఎదురుచూస్తున్న అమెరికా నాలుగో పదాతి దళం సామానంతా సూయజ్ కాలువ గుండా చుట్టూ తిరిగి కువైట్ వెళ్లాల్సి వచ్చింది.

యుద్ధం ఆగలేదు, నిజమే. కానీ టర్కీ నేల మీద నుంచి అది నడవలేదు. లండన్లో నడిచినవాళ్లు 'యుద్ధం వద్దు' అన్నారు. అంకారాలో నిలబడ్డవాళ్లు 'ఈ తీర్మానానికి, ఈ తేదీన, మా ఎంపీ ఓటెయ్యకూడదు' అన్నారు. లండన్ జనం అంకారా జనానికి ఎన్నో రెట్లు. అయినా ఫలితం అంకారాలో కనపడింది.

అలాగని లండన్లో నడిచినవాళ్ల శ్రమ వృథా అని మేము అనం. పదేళ్ల తర్వాత 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి బ్రిటిష్ ప్రధాని పార్లమెంటును అడిగితే 285–272 ఓట్లతో కాదన్నారు. ఆ రోజు చర్చలో మాట్లాడినవాళ్లలో ఎంతోమంది ఇరాక్ పేరెత్తారు. యుద్ధానికి ఓటేసి తర్వాత జనానికి ముఖం చూపించలేకపోయిన అనుభవం వాళ్లకుంది.

ఇంకొక పాత ముచ్చట చెప్తాం. 1969లో వియత్నాం యుద్ధ కాలం. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ నవంబరు 1వ తేదీలోగా దారికి రావాలని, లేకపోతే పెద్ద దెబ్బ తప్పదని ఉత్తర వియత్నాంకు రహస్యంగా గడువు పెట్టాడు. ఆ దెబ్బకు పథకాలు కూడా తయారయ్యాయి. బయట జనానికి ఇదేమీ తెలియదు. అక్టోబరు 15న దేశమంతటా లక్షల మంది పనులాపి యుద్ధానికి నిరసనగా బయటికొచ్చారు. నవంబరు 15న వాషింగ్టన్లో మరో మహా ప్రదర్శన జరిగింది. వీటివల్ల తన నిర్ణయం మారేది లేదని నిక్సన్ ముందే విలేకరులతో చెప్పాడు. ప్రదర్శన జరిగిన రోజు టీవీలో ఫుట్‌బాల్ చూశాడని వార్త. జనం నిరాశపడ్డారు, మన మాట ఎవడు విన్నాడు అనుకున్నారు. గడువు దాటిపోయింది. అనుకున్న దెబ్బ మాత్రం పడలేదు. ఆ ప్రదర్శనల వల్లే తన హెచ్చరికకు విలువ లేకుండా పోయిందని నిక్సనే తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. దాడి ఆగడానికి అదొక్కటే కారణమని చెప్పలేం, యుద్ధమూ ఇంకా ఏళ్ల తరబడి సాగింది. కానీ భయపడ్డవాడు భయపడ్డానని ఆ రోజే చెప్పడు. మేనేజరు కూడా చెప్పడు, మంత్రి కూడా చెప్పడు. ఇది గుర్తుంచుకుందాం. కానీ దీన్ని సాకుగా వాడుకోవద్దు. ఫలితం కనపడని ప్రతి ధర్నాకూ 'లోలోపల భయపడి ఉంటారులే' అని సర్దిచెప్పుకుంటే ఆ కౌలు రైతు అక్క ముందు మళ్లీ తలొంచుకోవాల్సిందే.

ఇక బ్యాంకుల సంగతి.

2008లో అమెరికా బ్యాంకులు జూదమాడి దివాలా అంచుకు వస్తే అక్కడి ప్రభుత్వం 70 వేల కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇచ్చే చట్టం చేసింది. ఇళ్లు పోగొట్టుకున్న జనానికి ఆ వేగంతో సాయం అందలేదు. ఆ కోపంతో 2011 సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో, బ్యాంకుల వీధి వాల్‌స్ట్రీట్ పక్కనున్న చిన్న పార్కులో జనం గుడారాలు వేశారు. అక్కణ్ణుంచి ఎన్నో దేశాలకు పాకింది. దాదాపు రెండు నెలల తర్వాత నవంబరు 15న అర్ధరాత్రి పోలీసులొచ్చి పీకేశారు. వాళ్లు కావాలనే డిమాండ్ల జాబితా పెట్టుకోలేదు. డిమాండ్ పెడితే చిన్నబోతామని వాళ్ల వాదన. మాకు ఆ వాదన నచ్చదు. ఏమిస్తే లేస్తావో చెప్పకపోతే ఎదుటివాడికి ఇవ్వాల్సిన అవసరం లేదు, నువ్వు అలిసిపోయేదాకా ఆగితే చాలు. 'ఒక్క శాతం, 99 శాతం' అనే మాట మాత్రం అక్కడినుంచే లోకంలో పడింది. అసమానత గురించి మాట్లాడేవాళ్లందరూ ఇప్పుడు ఆ మాటే వాడుతున్నారు. అది తక్కువేమీ కాదు.

అదే రోజుల్లో ఇంకో చిన్న సంగతి జరిగింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా డెబిట్ కార్డు మీద నెలకు 5 డాలర్ల రుసుము వేస్తామని సెప్టెంబరు చివర్లో చెప్పింది. ఖాతాదారులు సంతకాలు సేకరించారు, ఖాతాలు మూసేసి సహకార పరపతి సంఘాలకు మార్చుకోవడం మొదలుపెట్టారు. నవంబరు 1న బ్యాంకు ఆ రుసుము ఎత్తేసింది. గుడారాలకు లొంగనిది డిపాజిట్లు కదిలితే లొంగింది.

ఐస్‌లాండ్ కథ ఇంకా బాగుంటుంది. అప్పటికి జనాభా 3.2 లక్షలే, మన పెద్ద మున్సిపాలిటీ అంత దేశం. 2008 అక్టోబరులో వాళ్ల మూడు పెద్ద బ్యాంకులూ వారం రోజుల్లో కూలిపోయాయి. జనం ప్రతి శనివారం పార్లమెంటు ముందున్న మైదానంలో కూడేవారు. మంచు కురిసే చలిలో. వాళ్ల డిమాండ్లు స్పష్టంగా ఉన్నాయి. ప్రభుత్వం దిగిపోవాలి, కేంద్ర బ్యాంకు పెద్దలు దిగిపోవాలి, మళ్లీ ఎన్నికలు పెట్టాలి. 2009 జనవరి 20న పార్లమెంటు సెలవుల తర్వాత తెరిచినప్పుడు వంటింటి గిన్నెలు, గరిటెలు తెచ్చి లోపల మాట వినపడనంతగా మోగించారు. వారంలోపే ప్రభుత్వం కూలింది. తర్వాత కేంద్ర బ్యాంకు గవర్నరు కూడా పోయాడు. బ్యాంకుల నేరాల మీద ప్రత్యేక ప్రాసిక్యూటరును పెట్టారు, పెద్ద పెద్ద బ్యాంకర్లు జైలుకెళ్లారు. మిగతా దేశాల్లో అలా జరిగింది చాలా తక్కువ.

అక్కడితో ఆగలేదు. ఒక ప్రైవేటు బ్యాంకు బ్రిటన్, నెదర్లాండ్స్ డిపాజిటర్లకు పడ్డ బాకీని దేశ ప్రజల నెత్తిన వేస్తూ చట్టం వస్తే, ఓటర్లలో దాదాపు నాలుగో వంతు మంది సంతకాలు చేసి అధ్యక్షుడికిచ్చారు. ఆయన సంతకం పెట్టకుండా ప్రజాభిప్రాయానికి వదిలాడు. 2010 మార్చిలో 90 శాతానికి పైగా కాదన్నారు. షరతులు మార్చి మళ్లీ 2011 ఏప్రిల్లో పెడితే మళ్లీ కాదన్నారు. చివరికి 2013 జనవరిలో అంతర్జాతీయ కోర్టు తీర్పు కూడా వాళ్లకే వచ్చింది. ఇంతా చేసి అదే ఏడాది ఎన్నికల్లో పాత పార్టీలే మళ్లీ గద్దెనెక్కాయి. ఇది కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

ఇప్పుడు మనలాంటి వాళ్ల దగ్గరికి, రైతుల దగ్గరికి వద్దాం. అమెరికాలో 1930ల మాంద్యం. అయోవా రాష్ట్రం మొక్కజొన్నకు పేరు. 1932 చివరికి బుషెల్ ధర, అంటే సుమారు 25 కిలోలకు, 10–12 సెంట్లకు పడిపోయింది. బొగ్గు కంటే మొక్కజొన్నే చవకని పొయ్యిలో గింజలు వేసి కాల్చుకున్న ఇళ్లున్నాయి. భూములన్నీ బ్యాంకులకు, బీమా కంపెనీలకు తనఖాలో ఉన్నాయి. ఆ ఏడాది మే నెలలో అక్కడి రైతులు ఫార్మర్స్ హాలిడే అసోసియేషన్ అనే సంఘం పెట్టారు. బ్యాంకులు సెలవు తీసుకుంటున్నాయి గదా, మేమూ అమ్మకానికి సెలవు పెడతాం అని వాళ్ల ఎత్తిపొడుపు.

ముందు వాళ్లు చేసింది రాస్తారోకో. ఆగస్టులో సూ సిటీ అనే మార్కెట్ పట్నానికి వెళ్లే దారులన్నీ మూసేశారు. పాల డబ్బాలు రోడ్డు మీద ఒలకబోశారు. సరుకు పట్నానికి పోకపోతే ధర పెరగాలని లెక్క. పాడి రైతులకు పాల ధర కొంత పెరిగింది. మిగతా పంటలకు పెద్దగా ఏమీ రాలేదు. ఒక దారి మూస్తే ఇంకో దారిన, లారీ ఆపితే రైల్లో, ఈ రాష్ట్రం కాకపోతే పక్క రాష్ట్రం నుంచి సరుకు వచ్చింది. దేశమంతా పండే పంటను ఒక పట్నం దగ్గర ఆపడం ఎవరి తరమూ కాదు. పైగా ఆగింది తోటి రైతు సరుకే.

అదే మనుషులు, అదే సంఘం, కొన్ని నెలల్లో ఇంకో పని పట్టుకున్నారు. అది వేలం. బాకీ కట్టలేని రైతు పశువులు, పనిముట్లు, భూమి వేలం వేయడానికి అధికారి వస్తాడు. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల రైతులు వందల్లో వచ్చి కళ్లంలో నిలబడేవారు. ఆవును పాటకు పెడితే ఒకడు అయిదు సెంట్లు అంటాడు. అంతే, ఆ పైన ఎవడూ పాడడు. బయటినుంచి వచ్చినవాడెవడైనా పెంచబోతే పక్కన నిలబడ్డ బలమైన మనిషి భుజం మీద చెయ్యి వేసి, 'ఆ పాట ఎక్కువైనట్టుంది' అన్నట్టు చూసేవాడు. గుర్రం పది సెంట్లు, నాగలి రెండు సెంట్లు. నెబ్రాస్కాలో ఒక వేలంలో మొత్తం కలిపి వచ్చింది 5 డాలర్ల 35 సెంట్లు. పాడుకున్నవాళ్లు ఆ సొమ్ము కట్టి, సామానంతా ఇంటి యజమానికే తిరిగిచ్చి వెళ్లిపోయేవారు. పైసల వేలం అని దానికి పేరొచ్చింది.

ఇక్కడ ఆలోచించండి. పట్నం దారి దగ్గర ఓడినవాళ్లు కళ్లం దగ్గర ఎలా గెలిచారు? వేలానికి ఒక చోటు ఉంది, ఒక తేదీ ఉంది, ఒక గంట ఉంది. అక్కడ పాట పాడేవాడు లేకపోతే బ్యాంకు చేతిలో కోర్టు కాగితం తప్ప ఏమీ మిగలదు. అప్పులిచ్చినవాడికి ఆ ఒక్క గంటలో జనం అవసరం ఉంది. ఆ అవసరం దగ్గరే రైతులు నిలబడ్డారు.

బ్యాంకులకు మెల్లగా అర్థమైంది. 1933 జనవరిలో అయోవా గవర్నరు జప్తులు ఆపమని రుణదాతలను కోరాడు, కొన్ని పెద్ద బీమా కంపెనీలు అక్కడ జప్తులు నిలిపేశాయి. ఆ తర్వాత జప్తులను వాయిదా వేస్తూ అయోవాలో, మినిసోటాలో, ఇంకా చాలా రాష్ట్రాల్లో చట్టాలొచ్చాయి. మినిసోటా చట్టం మీద అప్పిచ్చిన సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1934 జనవరిలో 5–4 తేడాతో, అత్యవసర పరిస్థితిలో ఇలాంటి చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఆ అత్యవసర పరిస్థితి జడ్జీలకు కనపడేలా చేసింది కళ్లాల్లో నిలబడ్డ రైతులే. అదే ఏడాది జూన్‌లో రైతు దివాలా చట్టం కేంద్రంలో వచ్చింది. దాన్ని 1935లో సుప్రీంకోర్టు కొట్టేసింది, పార్లమెంటు మార్చి మళ్లీ తెచ్చింది, 1937లో కోర్టు ఒప్పుకుంది.

ఆ పోరాటంలో మనం తీసుకోకూడనిది కూడా ఒకటుంది. కొన్ని వేలాల్లో బెదిరింపుగా చెట్టుకు ఉరితాడు వేలాడదీసేవారు. 1933 ఏప్రిల్లో లె మార్స్ అనే ఊళ్లో జప్తు కేసులు ఆపనన్న జడ్జిని కోర్టులోంచి లాక్కొచ్చి మెడకు తాడు వేశారు. చంపలేదు, వదిలేశారు. కానీ గవర్నరు సైన్యాన్ని దింపాడు, అరెస్టులు జరిగాయి, అప్పటిదాకా రైతుల పక్షాన ఉన్న పట్నం జనం వెనక్కి తగ్గారు. ఆవేశపడే కుర్రాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు కాబట్టి చెప్తున్నాం.

మన దగ్గర బ్యాంకు మీద పోరాటమంటే ఊరి శాఖ గుర్తొస్తుంది గానీ, తెలుగు నేల మీద జరిగిన పెద్ద పోరాటం ప్రపంచ బ్యాంకు షరతుల మీదే. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, ప్రపంచ బ్యాంకు రుణం వచ్చింది. 2000లో చార్జీలు పెరిగాయి. ఊరూరా నిరసనలు, నిరాహార దీక్షలు నడిచాక ఆగస్టు 28న చలో అసెంబ్లీ. బషీర్‌బాగ్ దగ్గర గుర్రాలతో తొక్కించారు, నీళ్లు కొట్టారు, కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడు ఎవరైనా 'ఏమొచ్చింది?' అని అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లం? పెంపు పూర్తిగా వెనక్కి పోలేదు. 2004 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం పోయింది. మే 14న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. అప్పట్నుంచి ఎన్ని పార్టీలు మారినా, రాష్ట్రం రెండైనా, దాన్ని తీసేస్తామని చెప్పి ఓటు అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు. మోటారు స్విచ్చి వేసే ప్రతిసారీ ఆ ముగ్గురు గుర్తుకు రావాలి.

ఢిల్లీ సరిహద్దుల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మూడు చట్టాల రద్దు అనే ఒక్క మాట మీద ఏడాదికి పైగా కదలకుండా కూర్చున్నారు, రద్దయ్యాయి. మద్దతు ధర చట్టం హామీ కమిటీలోకి వెళ్లి అక్కడే ఉంది. ఎందుకని? మొదటిదానికి కూర్చున్నంతగా రెండోదానికి కూర్చోలేదని మా అభిప్రాయం. దీని మీద కమిటీలోనే భేదాభిప్రాయాలున్నాయి, భోజనాల తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు మన బ్యాంకు ధర్నాకు తిరిగొద్దాం. ఆ 14 డిమాండ్లలో మేనేజరు చేతిలో ఉన్నవి ఎన్ని? రుణమాఫీ ఆయన చేతిలో లేదు. మద్దతు ధర లేదు. ఆయన చేతిలో ఉన్నది రెండే రెండు. వేలం తేదీ వాయిదా వేయడం, వడ్డీ కట్టించుకుని తాకట్టును రెన్యువల్ చేయడం. ఆ రెండూ గట్టిగా అడిగి ఉంటే కాదనడానికి ఆయన ఇబ్బందిపడేవాడు. మనం 14 అడిగి ఆయనకు తప్పించుకునే దారి మనమే చూపించాం. పైగా వెళ్లింది వేలం రోజున కాదు, మనకు తీరికైన రోజున.

పంట పోయినప్పుడు అప్పు గడువు పెంచే సంగతి శాఖలో తేలదు. నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉండి, ప్రభుత్వం విపత్తుగా ప్రకటిస్తే రుణాలు రీషెడ్యూల్ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల్లో చెప్పింది. దానికి రాష్ట్ర స్థాయి, జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో నిర్ణయం జరగాలి. అంటే మనం కూర్చోవాల్సింది పంట నష్టం లెక్క రాసే రోజుల్లో వ్యవసాయ శాఖ దగ్గర, జిల్లా బ్యాంకర్లు కూడిన రోజున కలెక్టరేటు దగ్గర. కౌలు రైతు పేరు ఆ నష్టం జాబితాలో లేకపోతే ఆ తర్వాత ఎన్ని నినాదాలిచ్చినా ప్రయోజనం లేదు.

అందుకని కమిటీ ఆలోచన ఇది. ప్రతి గ్రామ శాఖ తన ఊళ్లో వచ్చిన బంగారం వేలం నోటీసులు జిరాక్సు తీసి పంపాలి. ఖాతా నంబరు, అప్పు ఎప్పుడు తెచ్చారు, వడ్డీ ఎంత, వేలం తేదీ ఎప్పుడు. ఆ తేదీన, ఆ గంటకు, ఆ శాఖ దగ్గర ఉండాలి. అడిగేది ఒక్కటే, మిర్చి అమ్మేదాకా మూడు నెలలు గడువు, వడ్డీ మీద రెన్యువల్. వడ్డీలో కొంతైనా ఆ రైతు చేతిలో పట్టుకుని రావాలి, ఉత్త చేతులతో వస్తే మాట నిలవదు. వేలానికి వచ్చే బంగారం వ్యాపారులు మనకు తెలిసినవాళ్లే, మన పెళ్లిళ్లకు సరుకు అమ్మేవాళ్లే. ముందు రోజు వాళ్ల కొట్లకు వెళ్లి, ఈ ఊరి ఆడవాళ్ల నగలకు పాట పాడొద్దని చేతులు జోడించి అడుగుదాం. బెదిరింపు మాట ఒక్కటి కూడా రాకూడదు. కేసులు పడొచ్చు. ఆ సంగతి దాచిపెట్టి ఎవరినీ తీసుకెళ్లం. వకీలుతో మాట్లాడి ఉంచాం.

ఇది పారకపోవచ్చు కూడా. వేలం ఇంకో ఊళ్లో పెట్టొచ్చు, ఆన్‌లైన్లో పెట్టొచ్చు. అప్పుడు మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం.

మొదట చెప్పిన అక్క ఈ రోజు తరగతికి వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. ఆమె బంగారం తిరిగి రాదు. తన వాడలో ఇంకా ఆరుగురికి నోటీసులొచ్చాయని ఆ కాగితాలు పట్టుకొచ్చింది. అందులో మొదటి వేలం ఈ నెల 18న, ఉదయం పదిన్నరకు. తొమ్మిదింటికల్లా అక్కడ ఉండగలిగినవాళ్లు టీ విరామంలో ఆమె దగ్గర పేర్లు రాయించండి.